అనవధానత కారణముగా

ఆ లాండ్రీలో బాయిలర్లు రెండు. ఒకటి వెనక షెడ్డులో ఉంది, బొగ్గుతో నడుస్తుంది. రెండోది మరకల గదిలో ఉంది, మాటతో నడుస్తుంది.

రెండోదాన్ని అందరూ మరకలక్క అంటారు. ఆవిడ కోపం గురించి అక్కడివాళ్లు చెప్పుకునేదాంట్లో సగం కోతలే అనుకున్నా, మిగిలిన సగం చాలు మనిషికి చెమటలు పట్టడానికి. ఓ వానాకాలం బొగ్గు తడిసి పెద్ద బాయిలరు మండక మూలుగుతున్న రోజున, ఎవడో ఆవిడ టీ గ్లాసు తన్నేశాడట. ఆవిడ లేచి నిలబడి వాడివైపు చూసేసరికి తాళ్లమీది దుప్పట్లు నాలుగు వరసలు వాటంతటవే ఆరిపోయాయట. మడతల బల్ల దగ్గర పనిచేసే పిన్ని ఒట్టేసి మరీ చెబుతుంది. బాయిలరు మనిషి మాత్రం మూడు వరసలే అంటాడు. అతను కాస్త నిజాయితీపరుడు.

ఆవిడ పని మరకలు తీయడం. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, పెద్దమనుషుల చొక్కాలు, అన్నీ ముందు ఆవిడ బల్లమీదికే వస్తాయి. మరక తెచ్చినవాడు నిజం చెప్పడు. "టీ ఒలికిందమ్మా" అంటాడు, చూస్తే రక్తం. "ఏమిటో తెలీదు, దానంతటదే వచ్చింది" అంటాడు, చూస్తే పెదాల రంగు. అందుకని ఆవిడ అడగడం మానేసింది. చన్నీళ్లు పోస్తే ఏమైంది, సబ్బు రాస్తే ఏ రంగు తిరిగింది, నిమ్మ ఉప్పు చల్లితే పోయిందా మొండికేసిందా, అంతే చూస్తుంది. దేనివల్ల ఏమైందో వరసగా చూసుకుంటూ పోతే ఏ మరకైనా తన పేరు తనే కక్కేస్తుంది. ఇరవై ఏళ్లలో ఆవిడ చేతిలో కక్కనిది లేదు.

చదువు మాత్రం నాలుగో తరగతి. అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదవడం వచ్చు. పెద్ద మాటలు తగిలితే బోసినోటివాడికి చెరుకుగడ ఇచ్చినట్టే.

చెల్లెలు ఆవిడకి పూర్తిగా విరుద్ధం. నోట్లో నాలుక ఉందో లేదో డాక్టరు చూసి చెప్పాల్సిందే. ఎవరైనా కాలు తొక్కితే, తన కాలు అక్కడ పెట్టినందుకు తనే క్షమించమనే రకం. ఆ పిల్ల పని రోలరు దగ్గర. మనిషి నడుమంత లావు, రెండు మంచాలంత పొడవున్న ఇనప రోలరు లోపల ఆవిరి పెట్టుకుని తిరుగుతూ ఉంటుంది. తడి దుప్పటి ఇటు అందిస్తే అటు కొత్త కాగితంలా గరగరలాడుతూ వస్తుంది. దాని నోటిముందు అడ్డంగా తెల్లరంగు వేసిన కడ్డీ ఒకటి ఉంటుంది. చెయ్యి లోపలికి పోబోతే మణికట్టు ఆ కడ్డీని నెడుతుంది. నెట్టగానే రోలరు ఠక్కున ఆగిపోతుంది. ఆడవాళ్లు దాన్ని బతుకు కడ్డీ అంటారు.

బతుకు కడ్డీకి ఒక దుర్గుణం ఉంది. మనిషి చేతికీ దుప్పటి మూటకీ దానికి తేడా తెలీదు. ఏది తగిలినా ఆపేస్తుంది. రోజుకి నలభైసార్లు ఆగుతోందని రెండేళ్లకిందట మేనేజరు ఇనప తీగ తెప్పించి, ఒకే తీగని ఈ చివరనుంచి ఆ చివరకి లాగి, కడ్డీని రెండు వైపులా చట్రానికి బిగించి కట్టించాడు. ఆ రోజునుంచి రోలరు ఆగలేదు. దుప్పట్లు పెరిగాయి. పైవాళ్లు సంతోషించి మేనేజరుకి గోడ గడియారం బహుమతి ఇచ్చారు.

మూడు రోజుల కిందట, పొద్దున పదిన్నరకి, చెల్లెలి కుడిచెయ్యి మోచేతిదాకా రోలరు కిందికి పోయింది.

కేక విని మరకలక్క గదిలోంచి పరిగెత్తింది. పెద్ద స్విచ్చి అవతలి గోడకి ఉంది. ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు పరిగెత్తడానికి ఎంతసేపు పట్టిందో ఆవిడకి తెలీదు గానీ, అంతసేపూ రోలరు తిరుగుతూనే ఉంది. చెయ్యి తీసేయక్కర్లేదని డాక్టర్లు అన్నారు. వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయా అంటే మాత్రం కిటికీలోంచి బయటికి చూశారు.

ఆ రోజునుంచి ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. అరవలేదు కూడా. మరకలక్క అరవకపోతే భయపడాలని ఆ లాండ్రీలో అందరికీ తెలుసు, ఒక్క మేనేజరుకి తప్ప.

*

"రామ్మా, రా. కూర్చో," అన్నాడు మేనేజరు.

ఇరవై ఏళ్లలో ఆ గదిలో ఆవిణ్ణి కూర్చోమనడం అదే మొదటిసారి. దేనివల్ల ఈ కుర్చీ వచ్చిందో అనుకుంటూ ఆవిడ నిలబడే ఉంది.

పక్కబల్ల దగ్గర గుమాస్తా ఉన్నాడు. ఆయన్ని ఆడవాళ్లు గ్రాంథికం గారు అంటారు. మంచినీళ్లు కావాలంటే "జలము లభించునా?" అని అడుగుతాడు. ఓసారి తేలు కుట్టి "వృశ్చిక దష్టుడనైతిని" అని కేకలేస్తే, అదేమిటో అర్థమై జనం వెళ్లేసరికి ఆ తేలు పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, కాపురం మార్చేసిందని చెప్పుకుంటారు. ఇవాళ మాత్రం ఆయన తల ఎత్తడంలేదు. సిరా ముద్ర డబ్బా మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

"పన్నెండింటికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు," అన్నాడు మేనేజరు. "ఆ రోజు అందరికంటే ముందు పరిగెత్తింది నువ్వేగా. సాక్షి సంతకం నీది. ఇదిగో, ఇక్కడ."

కాగితంమీద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది:

"సదరు యంత్రచాలకురాలు తన అనవధానత కారణముగా యంత్రమునందు హస్తముంచి గాయపడినది. యంత్రము యొక్క నిరోధక దండము నిర్దుష్టముగా ఉన్నందున యాజమాన్యమునకు ఎట్టి ఉత్తరవాదిత్వము లేదు. కావున సదరు కార్మికురాలిని ఉద్యోగమునుండి విముక్తురాలిని చేయుట సముచితమని సాక్షి సమ్మతించుచున్నది."

మరకలక్క వేలు పెట్టి రెండుసార్లు చదివింది. "గాయపడినది" తెలిసింది. "లేదు" తెలిసింది. మిగతావి గుండ్రాళ్లలా పళ్లకింద పడ్డాయి.

"ఇందులో ఏముంది సారూ?"

"ఏముంటుంది, జరిగిందే."

"జరిగింది నాకు తెలుసు. రాసింది అడుగుతున్నా."

మేనేజరు నవ్వాడు. "గుమాస్తా గారూ, చెప్పండి ఆవిడకి."

"సాధారణ నివేదికయే కదమ్మా," అన్నాడు గుమాస్తా, సిరా డబ్బాతో చెబుతున్నట్టు.

"అనవధానత అంటే?"

"అది... ఒకానొక స్థితి."

"ఒకానొక స్థితి అంటే జ్వరమా, ఆకలా?"

గుమాస్తా మూత పెట్టాడు. మేనేజరు అందుకున్నాడు. "అవన్నీ ఆఫీసు మాటలమ్మా. వాటితో నీకేం పని? చివరి ముక్క చూడు. విముక్తి అని ఉందా లేదా? విముక్తి అంటే మంచిమాటేగా! నీ చెల్లెలు ఇంక ఆ రోలరు ముందు నిలబడక్కర్లేదు. హాయిగా ఇంటిపట్టున ఉంటుంది. నువ్వు సంతకం పెడితే దాని మేలు కోరినదానివి అవుతావు."

బెల్లం పూసిన కత్తి. ఆవిడ తన చేతులు చూపించింది. "బ్లీచింగు నీళ్ల చేతులు సారూ. కాగితం పాడైపోతుంది. కడుక్కుని, మళ్లీ ఓసారి చదువుకుని తెస్తా."

"అయిదు నిమిషాలు," అన్నాడు మేనేజరు, బహుమతి గడియారం వైపు చూస్తూ.

*

మరకల గదిలో పిన్ని టీ తాగుతోంది. తడిలేని చోటు చూసి ఆవిడ కాగితాన్ని బల్లమీద పరిచింది, పెళ్లివారి చొక్కా పరిచినట్టు.

"ఏమిటే అది?"

"మరక. ఎవరు చేశారో తెలుసు. ఏం మరకో తెలీదు."

పిన్నికి చదవడం రాదు. మరకలక్క చదివి వినిపించింది. పిన్ని గ్లాసు దించి, "మనవాళ్ల భాషేనా?" అంది.

"మన భాషే. మనకి అర్థం కాకూడదని రాసింది." ఆవిడ సుద్దముక్క తీసి ఒక మాటకింద గీత గీసింది. "ఇదిగో, ఇది చూడు పిన్నీ. కారణముగా. ఇది మనకి తెలుసుగా? ఇంకోటి, ఉన్నందున. ఇంకోటి, కావున. గ్రాంథికం గారు ఎంత వంకర మాటలు రాసినా, ఒకదానివల్ల ఒకటి అయిందని చెప్పక తప్పలేదు. మరకమీద నీళ్లు పోస్తే ఏమైందో చూసినట్టు, వీటికి ఇటేముందో అటేముందో చూద్దాం."

"చూడవే, నాకేం, టీ ఇంకా ఉంది."

"మధ్యది పట్టుకుందాం ముందు. దండమేదో నిర్దుష్టముగా ఉన్నందున, యాజమాన్యానికి ఏదో లేదు. దండం అంటే కర్రో కడ్డీయో. రోలరుకి ఉన్న కడ్డీ ఒక్కటే. బతుకు కడ్డీ. అది నిర్దుష్టంగా ఉంది."

"దుష్ట అని వినబడుతోంది. చెడిపోయింది అని రాశాడేమోనే! పోనీలే, నిజమే రాశాడు పాపం."

మరకలక్కకీ ముందు అలాగే అనిపించింది. ఒక్క క్షణం ఆ గుమాస్తాని దీవించబోయింది కూడా. మళ్లీ చదివింది. దీవెన నోట్లోనే ఆగిపోయింది.

"కాదు పిన్నీ. కడ్డీ చెడిపోయి ఉంటే, అందువల్ల యాజమాన్యానికి ఏదో ఉండాలి. ఇక్కడ లేదు అంటున్నారు. మేనేజరు తనకి లేదని రాయించుకునేది ఏముంటుంది? డబ్బుండీ లేదంటాడు, అదివేరు. ఒకరి చెయ్యి కాలినచోట నాకు లేదు, నాకు లేదు అని చేతులు దులుపుకునేది దేన్ని?"

"తప్పుని," అంది పిన్ని. గ్లాసు బల్లమీద పెట్టేసింది.

"తప్పుని. ఉత్తరవాదిత్వమో పత్తరవాదిత్వమో, అది తప్పే. వాళ్లకి తప్పు లేకుండా పోవాలంటే కడ్డీ ఎలా ఉండాలి? బాగుండాలి. అంటే నిర్దుష్టం అంటే లక్షణంగా ఉందని. తీగతో కట్టేసిన కడ్డీ లక్షణంగా ఉందట!"

ఆవిడ గొంతు ఇంకా పైకి రాలేదు. కానీ సుద్దముక్క విరిగింది.

"ఇప్పుడు మొదటిది. కడ్డీ బాగుంది, వాళ్ల తప్పు లేదు. మరి చెయ్యి ఎందుకు కాలింది? తన అనవధానత కారణముగా. తన అంటే చెల్లెలిది. కడ్డీది కాకుండా, మేనేజరుది కాకుండా, దానిది ఒక్కదానిదే అయినది ఏదో ఉంది, దానివల్ల చెయ్యి పోయింది. జ్వరమైతే జ్వరం అని రాసేవాడు. అది ఒళ్లు దగ్గర పెట్టుకోలేదని! పరధ్యానంగా ఉందని!"

"వాడమ్మ కడుపు మాడ," అంది పిన్ని.

"ఇంక కావున. దాని పరధ్యానంవల్ల దాని చెయ్యే కాలింది, కావున విముక్తి. తప్పు చేసిందని తేల్చాక ఎవరైనా పూలదండ వేస్తారా పిన్నీ? గెంటేస్తారు. విముక్తి అంటే గెంటడం. అది సముచితమని సాక్షి, అంటే నేను, తోడబుట్టినదాన్ని, ఏదో చేస్తున్నానట. కింద నా సంతకం కావాలంటే ఏం చేస్తున్నట్టు? ఒప్పుకుంటున్నట్టు."

మూడు రోజులుగా మూత పెట్టిన ఆవిరి అప్పుడు లేచింది. ఆవిడ బల్లని గుద్దిన గుద్దుకి నిమ్మ ఉప్పు సీసా ఎగిరి నిలువుగానే దిగిందని పిన్ని తర్వాత చెప్పింది. "వీడి బహుమతి గడియారం పగిలిపోను! నా చెల్లెలి చెయ్యి కాల్చి, కూడు లాగేసి, ఆ లాగే తాడు నా చేత పట్టిస్తాడా! పద, ఆ తీగ పట్టుకొచ్చి వాడి బల్లమీద పారేస్తా!"

ఆవిడ రోలరు దగ్గరికి వెళ్లింది. తీగ లేదు.

కడ్డీ వదులుగా, బుద్ధిగా, వేలితో తోస్తే కదులుతూ ఉంది. బ్లీచింగు వాసన గుప్పుమంది. పొద్దున్నే ఎవరో తీగ కోసేసి, శుభ్రంగా తుడిచిపెట్టారు. చుట్టూ ఆడవాళ్లు దుప్పట్లు మడుస్తున్నారు. ఎవరి కళ్లూ పైకి లేవడంలేదు.

"నోళ్లేమయ్యాయే మీకు?" అని అరిచింది ఆవిడ. "ఇక్కడ తీగ ఉందా లేదా? రెండేళ్లుగా మీ కళ్లముందు ఉందా లేదా? ఒక్కత్తయినా అడిగిందా, ఎందుకు కట్టారని?"

అప్పుడు పిన్ని మెల్లిగా, వేళాకోళం లేకుండా అంది: "నువ్వు ఆ తీగమీదే కదే రోజూ తువ్వాలు ఆరేసుకునేదానివి."

మరకలక్క రోజూ తువ్వాలు వేసే చోటు వైపు చూసింది. నిజమే. వేడి తగిలే చోటు, తొందరగా ఆరుతుంది. రెండేళ్లు రోజూ తడి తువ్వాలు తెచ్చి, ఆ తీగమీద వేసి, మధ్యాహ్నానికి తీసుకెళ్లేది. ఆ తీగ ఏం చేస్తోందో ఆవిడకి తెలుసు. ఊరందరి బట్టలమీది మరకలూ పట్టే కళ్లు, ఆ తీగని తువ్వాలు తాడుగా చూశాయి.

ఇంతవరకూ వచ్చిన కోపం ఒక లెక్క. ఇప్పుడొచ్చింది వేరే. అది బయటికి వెళ్లే దారి లేక లోపలే తిరిగింది.

ఆవిడ కాగితం తిరగేసి, మడతల బల్లమీద పెట్టి, పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. మేనేజరు ఇచ్చిన అయిదు నిమిషాలు ఎప్పుడో చచ్చిపోయాయి.

*

ఇన్‌స్పెక్టరు చెప్పిన వేళకే వచ్చాడు. బక్కపలచటి మనిషి, చంకలో ఫైలు, ముక్కుకి జలుబు. వచ్చింది ఎవరినీ ఉద్ధరించడానికి కాదని మొహమే చెబుతోంది. ఇంకో మూడు చోట్లకి వెళ్లాలి. రోలరు చూశాడు. కడ్డీ నెట్టాడు. రోలరు ఆగింది. మళ్లీ నెట్టాడు. ఆగింది.

"బాగానే పనిచేస్తోందే," అన్నాడు, తుమ్ముకి ముందు.

"అదే కదండీ మా బాధ," అన్నాడు మేనేజరు. "మనిషి జాగ్రత్తగా లేకపోతే యంత్రం ఏం చేస్తుంది? సాక్షి కాగితం సిద్ధంగా ఉంది. ఏమ్మా, సంతకం పెట్టావా?"

"పెట్టాను సారూ. వెనకపక్క."

ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని తిరగేశాడు. పెన్సిలు అక్షరాలు పైకీ కిందికీ పోతున్నా, ఎక్కడా తడబడలేదు:

"కడ్డీకి తీగ కట్టారు కాబట్టి కడ్డీ కదల్లేదు. కడ్డీ కదల్లేదు కాబట్టి రోలరు ఆగలేదు. రోలరు ఆగలేదు కాబట్టి నా చెల్లెలి చెయ్యి కాలింది. తీగ కట్టించింది మేనేజరు. రెండేళ్లు రోజూ చూసి కూడా నేను నోరెత్తలేదు కాబట్టి ఆ తీగ అక్కడే ఉంది."

ఆయన రెండోసారి చదివాడు. అప్పటిదాకా జేబులో ఉన్న కళ్లజోడు బయటికి వచ్చింది.

"తీగేదీ?" అన్నాడు.

"తీగా? ఏం తీగ?" అన్నాడు మేనేజరు. "దుఃఖంలో ఉందండీ మనిషి. తోడబుట్టింది కదా."

"తీగ లేదు సారూ," అంది మరకలక్క. "కోసేశారు. తీగ చేసిన పని మాత్రం కొయ్యలేకపోయారు. ఇలా రండి. ఈ చివర తెల్లరంగు మీద ఎర్రగా, వలయంలా ఉంది చూడండి. ఆ చివరా అంతే. చట్రంమీద సరిగ్గా వాటికెదురుగా ఇంకో రెండు. ఇది తుప్పు. రెండేళ్ల ఆవిరికి ఇనప తీగ రంగులోకి దిగబడితే పడ్డ తుప్పు. పొద్దున్న బ్లీచింగు పోసి తోమించారు, వాసన చూడండి. బ్లీచింగు పోస్తే తుప్పు ఇంకా ముదురుతుంది, అది తెలీనివాడు నా గదిలో ఒక్క పూట కూడా పనికిరాడు. నన్నడిగితే తుప్పు వదిలించే నిమ్మ ఉప్పు ఇచ్చేదాన్నిగా!"

జలుబుతో వాసన తెలీలేదు గానీ, ఇన్‌స్పెక్టరు గోటితో గీకి చూశాడు. పదునుగా, గాడిలా తగిలింది. వెనక్కి తిరిగి, "ఇంకెవరైనా చూశారా?" అన్నాడు.

దుప్పట్లు మడిచే చప్పుడు ఆగిపోయింది. ఆ మౌనం ఎంతసేపు సాగిందంటే, బాయిలరు మనిషికి ఈలోగా గడ్డం పెరిగిందంటారు.

"నేను చూశాను," అంది పిన్ని. "నాకు రాత రాదు. ఆ కాగితంలో నేనూ నోరెత్తలేదని రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు కాగితం ముందుపక్క తిప్పి గుమాస్తాని పిలిచాడు. "ఇది రాసింది మీరేనా? నిర్దుష్టం అంటే ఏమిటండీ?"

"లోపము... లేనిది," అన్నాడు గుమాస్తా.

"లోపంలేని కడ్డీకి ఈ గాట్లేమిటి?"

"ఆయన భాషే అంతండీ," అన్నాడు మేనేజరు గబగబా. "ఏదో తోచింది రాసేస్తూ ఉంటాడు. నేను సరిగా చూసుకోలేదు."

గుమాస్తా తల ఎత్తాడు. ముఫ్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన నోట ఎవరూ వినని తెలుగు అప్పుడు వచ్చింది. "నాకు తోచిందా? మీరు పక్కన నిలబడి చెప్పారు కాబట్టి రాశాను! తీగ నేనూ చూశాను. చేతకాక ఊరుకున్నాను. ఇప్పుడు నా నెత్తిన రుద్దకండి!"

మేనేజరు మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది. కానీ అతను మేనేజరు ఊరికే అవలేదు. కోటు జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. అవే మాటలు. కింద నల్లగా బొటనవేలి ముద్ర.

"వీళ్లందరూ ఏకమై ఏమైనా అంటారు. దెబ్బ తగిలిన మనిషే ఒప్పుకుంది. నిన్న సాయంత్రం ఆస్పత్రిలో. ఇంతకంటే ఏం కావాలండీ?"

మరకలక్క ఆ ముద్ర చూసింది. చెల్లెలికి సంతకం వచ్చు. ముచ్చటగా, చివర చిన్న మెలిక తిప్పి పెడుతుంది. సంతకం పెట్టే చేతిని కాల్చి, మిగిలిన చేతితో వేలిముద్ర వేయించుకున్నారు. ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక రోలరు వేడిగా ఉందని గుర్తొచ్చి అక్కడే ఆగాడు.

"ఆగమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేను వెళ్లి ఆ అమ్మాయినే అడుగుతాను. నువ్వూ రా. కానీ అక్కడ నీ నోట ఒక్క మాట వచ్చినా, అక్క చెప్పించిందంటారు. నా రాత చెల్లదు. అర్థమైందా?"

*

నోరు మెదపకుండా ఆస్పత్రిదాకా వెళ్లడం ఆవిడ జీవితంలో చేసిన అన్నిటికంటే బరువైన పని. జీపులో ఆవిడ వైపు అద్దం లోపలినుంచి ఆవిరి పట్టిందని డ్రైవరు ఆ తర్వాత చాలామందికి చెప్పాడు.

చెల్లెలు గోడవైపు మంచంమీద ఉంది. చెయ్యి తెల్లటి మూటలా ఒళ్లో పెట్టుకుంది. అక్కని చూడగానే నవ్వబోయి, పక్కన కొత్త మనిషిని చూసి సర్దుకుని కూర్చుంది.

"ఈ వేలిముద్ర నీదేనా అమ్మా?"

"నాదేనండీ."

"ఇందులో ఏముందో తెలుసా?"

"తప్పు నాదని అండీ. మేనేజరు గారు పళ్లు కూడా తెచ్చారు. నేను సరిగా చూసుకోలేదు. నావల్ల మూడు గంటలు పని ఆగిపోయిందట. పాపం, ఆయనకి మాట వచ్చింది."

మరకలక్క మంచం చివరి ఇనప కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. ఏదో అనాలని గొంతులో ఉడుకుతోంది. ఒసేయ్ పిచ్చిదానా, నీ చెయ్యి కాల్చినవాడికి పాపమా! ఇన్‌స్పెక్టరు ఆవిడ వైపు చూడకుండానే వేలు అడ్డంగా ఊపాడు.

"సరే. ఆ రోజు ఏమైందో వరసగా చెప్పు. చెయ్యి లోపలికి ఎందుకు వెళ్లింది?"

"దుప్పటి మూల మడత పడిందండీ. సరిచేయబోయాను. అది నా వేళ్లు పట్టేసుకుంది."

"పట్టేసుకుంటే ఏం చెయ్యాలి?"

"కడ్డీ నెట్టాలండీ."

"నువ్వు నెట్టలేదు."

"నెట్టానండీ," అంది చెల్లెలు. వెంటనే, ఆలోచించకుండా.

"నెట్టావా?"

"నెట్టాను. ముందు మణికట్టుతో. తర్వాత ఈ చేత్తో. తర్వాత ఒళ్లంతా వేసి నెట్టానండీ. ఇక్కడ కమిలింది కూడా." ఎడమచేత్తో పక్కటెముకలు తడుముకుంది.

"మరి రోలరు?"

"ఆగలేదు."

"ఎందువల్ల?"

చెల్లెలు ఒళ్లోని కట్టు వైపు చూసుకుంది. మూడు రోజులుగా నొప్పిలో, మందుల మత్తులో, అందరూ నీదే నీదే అంటుంటే ఊఁ కొట్టిన పిల్ల, ఒక్కో మెట్టూ వెనక్కి దిగింది. చెయ్యి కాలింది. రోలరు ఆగలేదు కాబట్టి. కడ్డీ కదల్లేదు కాబట్టి.

"కట్టేసి ఉంది కాబట్టి," అంది నెమ్మదిగా.

ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచాడు.

"అక్కా," అంది చెల్లెలు. గొంతు మారింది. "నేను నెట్టానే!"

మరకలక్క తల ఊపింది. నోరు మెదపలేదు. ఇన్‌స్పెక్టరు వేలివల్ల కాదు, మెదిపితే ఏడుపొస్తుందని.

"ఒళ్లంతా వేసి నెట్టాను! నేను సరిగానే చేశాను! చేయాల్సిందంతా చేశాను, అది కట్టేసి ఉంది! కట్టేసినవాడు పళ్లు పట్టుకొచ్చి, నాదే తప్పని చెప్పి, నా చేత పాపం అనిపించుకుని వెళ్తాడా!"

ఆ కేకకి పక్క వార్డులోంచి నర్సులు ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. పుట్టినప్పుడు తప్ప మళ్లీ ఆ పిల్ల గొంతు అంత పైకి లేవలేదని మరకలక్క ఒట్టేస్తుంది, పుట్టినప్పుడు కూడా ఇంత లేదని పిన్ని అంటుంది. పిన్ని అప్పుడూ ఇప్పుడూ అక్కడ లేదనుకోండి, అయినా అంటుంది.

ఇన్‌స్పెక్టరు మోకాలిమీద ఫైలు పెట్టుకుని ఏదో రాశాడు. చాలాసేపు రాశాడు. ఈసారి తుమ్ము వచ్చినా ఆపలేదు. రాసింది పైకి చదివి వినిపించాడు. అందులో వంకర మాట ఒక్కటి కూడా లేదు. కడ్డీ కట్టేసి ఉండటంవల్ల ప్రమాదం జరిగిందనీ, కార్మికురాలి తప్పు లేదనీ, ఉద్యోగంలోంచి తీయడానికి వీల్లేదనీ.

"సంతకం ఎడమచేత్తో పెట్టగలవా?" అన్నాడు.

"పెడతాను," అంది చెల్లెలు. "ముందు ఆ కాగితం ఇటివ్వండి."

"ఏ కాగితం?"

"నా వేలిముద్ర ఉన్నది. అది నేను వేశాను కదండీ, నేనే కొట్టేస్తాను."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఇచ్చి, కలం కూడా ఇచ్చాడు. చెల్లెలు ఎడమచేతి పిడికిట్లో కలం గుచ్చిపట్టుకుని, ఆ నల్లటి ముద్రకి అడ్డంగా ఒక గీత గీసింది. సరిపోలేదు. ఇంకోటి గీసింది. మూడోదానికి కాగితం చిరిగి, కలం పాళీ కింద దుప్పటిలో దిగింది. అయినా ఆపలేదు.